ఒక్క స్తంభం, పదిహేను వీపులు

స్వతంత్రం కావాలా వద్దా అని అడిగిన రోజున ఫువాతినోని కూడా అడిగారు. ఆడా మగా, పట్టం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఇరవయ్యొక్కేళ్ళు నిండిన ప్రతి మనిషినీ బడి ముందు వరసలో నిలబెట్టి అడిగారు. ఆమె తలకి కొబ్బరినూనె రాసుకుని, చర్చికి కట్టుకెళ్ళే తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళి, కావాలి అని గీత పెట్టి వచ్చింది. సమోవా దీవుల్లో అందరూ కావాలనే అన్నారు. జెండా ఎగిరింది. దొరలు చేతులు కలిపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత స్వతంత్ర దేశానికి మొదటి ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఆమెని ఎవరూ అడగలేదు. ఓటు మతాయ్‌లకే అన్నారు. మతాయ్ అంటే వంశం పట్టం మోసే ఇంటిపెద్ద. ఇంట్లో ఎంతమంది ఉన్నా వాళ్ళందరి నోరూ ఆయనే, వాళ్ళందరి ఓటూ ఆయనదే.

"దేశం కావాలా అన్నప్పుడు మేం కావలసొచ్చాం. ఎవరు ఏలాలి అన్నప్పుడు మేం అక్కర్లేదా?" అని ఊటగుంట దగ్గర బట్టలు పిండుతూ గట్టిగానే అడిగింది ఫువాతినో.

ఆడవాళ్ళు నవ్వారు. "నీకెందుకే ఈ గొడవ? కొంపదీసి నీకేమన్నా పట్టం కడతారా ఏంటి?" అంది ఒకావిడ.

ఫువాతినో నవ్వలేదు. ఎందుకంటే కట్టాలి. కట్టి తీరాలి. ఆ మాట ఆమె తండ్రి పోతూ పోతూ చెప్పి మరీ పోయాడు.

ఆమె సావాయి దీవిలో, సాలెవాయ్ అనే ఊళ్ళో పుట్టింది. ముందు సముద్రం, వెనక గడ్డకట్టిన లావా రాయి, మధ్యలో నాలుగు కొబ్బరి తోటలు, ఇంతే ఊరు. పక్క ఊరి చేపలవాడికిచ్చి పెళ్ళి చేశారు. అతను దగ్గుతూ దగ్గుతూ రెండు వర్షాకాలాలు గడిపి మూడోదానికి పోయాడు. పిల్లలు నిలవలేదు. చాపా దిండూ చంకన పెట్టుకుని ముప్పై దాటకముందే పుట్టింటికి తిరిగొచ్చింది. వచ్చేసరికి తల్లి లేదు, తండ్రి కాలు బోదకాలై సీమపనస మొద్దులా వాచిపోయింది.

తండ్రి మోసింది తూలోతో పట్టం. పెద్ద పట్టమేమీ కాదు. సభలో మొదటి మాటా ఆయనది కాదు, చివరి మాటా ఆయనది కాదు. కానీ ఊళ్ళో పెద్దల సభ జరిగే ఇంట్లో సముద్రం వైపున ఆ పట్టానికంటూ ఒక స్తంభం ఉంది. ఆ ఇంటికి గోడలు లేవు, చుట్టూ స్తంభాలే. ఒక్కో పట్టానికి ఒక్కో స్తంభం. పట్టం మోసేవాడు దానికి వీపానించి కూర్చుంటాడు, మాట్లాడతాడు, వేరు దంచి నీళ్ళలో కలిపిన కావా తాగుతాడు. పట్టం లేనివాడు వీపు ప్రపంచంలో ఎక్కడైనా ఆనించుకోవచ్చు, అక్కడ మాత్రం కుదరదు. తాతలు, ముత్తాతలు, వాళ్ళ తాతలు ఆనుకున్న చోట తూలోతో స్తంభం నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది.

ప్రతి సోమవారం ఫువాతినో తండ్రిని భుజం మీద వాల్చుకుని సభ ఇంటిదాకా తీసుకొచ్చి, ఆ స్తంభం దగ్గర కూర్చోబెట్టి, తను బయట గులకరాళ్ళ మీద కూర్చునేది. మిగతా రోజుల్లో చేమదుంపలు నాటేది, కొబ్బరి ఎండబెట్టేది, చాపలు అల్లేది, పెళ్ళికీ చావుకీ చర్చికీ తూలోతో ఇంటి తరఫున ఏం పెట్టాలో అవన్నీ పెట్టేది. పట్టం ఆయనది, బరువు ఈమెది. ఊళ్ళో ఎవరినడిగినా ఈ మాట ఒప్పుకుంటారు. ఒప్పుకోవడం వరకే.

పెద్ద వర్షాల్లో తండ్రి మంచం పట్టాడు. తల దగ్గర ఒక పక్క ఫువాతినో, రెండో పక్క ఆయన చెల్లెలు సావిలీ కూర్చున్నారు.

"తూలోతోని ముక్కలు చెయ్యకండి," అన్నాడాయన. "ఒక్కరే మొయ్యాలి. ఇన్నాళ్ళూ మోసింది ఫువాతినో. దానికే కట్టండి. విన్నావా సావిలీ?"

"విన్నాను అన్నయ్యా," అంది సావిలీ ఏడుస్తూ.

ఆ దేశంలో పోయేవాడి మాటకి ఎదురు లేదు. దాన్ని విన్న ఆడపడుచు మాటకి అసలే లేదు. ఆడపడుచు నోరు తెరిచి శాపం పెడితే వంశం నిలవదని ఎంతటి పొగరుబోతు అన్నదమ్ముడైనా వణుకుతాడు. అంచేత ఫువాతినో తొందరపడలేదు. ఏడాది మైల తీరనిద్దాం, అప్పుడే చుట్టాలందరూ కూర్చుని పట్టం కడతారు అనుకుంది. పిచ్చిది, ఈలోగా ఎన్నికలు వస్తాయని ఆమెకేం తెలుసు?

ఎన్నికలతోపాటు, పార్లమెంటుకి నిలబడతానంటూ ఎలిసారా వచ్చాడు. ఫువాతినో పెదనాన్న కొడుకు. అపియా పట్నంలో కొట్టు పెట్టుకుని, లారీలు తిప్పుకుంటూ, ఊరి మొహం చూసి ఎన్నాళ్ళో అయినవాడు. వంశంలో పెద్ద పట్టం అతనిదే కాబట్టి చుట్టాలని పిలిచే హక్కు కూడా అతనిదే. ఉప్పు మాంసం పీపాలు, చేప డబ్బాల పెట్టెలు లారీలోంచి దింపించి, బంధువులందరూ కడుపునిండా తిన్నాక మొదలెట్టాడు.

"మన తూలోతో ఎంత గొప్ప పట్టం! అంత బరువు ఒక్క మనిషి నెత్తిన పెడితే మెడ విరిగిపోదూ? నలుగురం కలిసి మోద్దాం."

"నలుగురా?" అంది ఫువాతినో వెనక నుంచి.

"మాటవరసకి నలుగురు. పద్నాలుగు మంది అనుకున్నాం."

పేర్లు చదివాడు. అతని కొట్లో మూటలు మోసేవాళ్ళు, లారీ డ్రైవరు, వాడి బావమరిది, ఓడల మీద తిరిగే ఒకడు. వాడు ఈ ఊరి నీళ్ళు తాగింది పుట్టినప్పుడే. ఊళ్ళో ఉండేవాళ్ళలో నోరులేని సెమీసీ ఒకడు, నిన్నగాక మొన్న మీసం మొలిచిన సావిలీ మనవడు ఒకడు. పద్నాలుగు పట్టాలు, పద్నాలుగు ఓట్లు. పక్క ఊరి నుంచి నిలబడ్డ మనిషికి బంధుబలం ఎక్కువ మరి. ఓటర్లు చాలకపోతే జనం మనసు గెలుచుకోవాలని ఎవడికైనా తోస్తుంది. ఎలిసారాకి మాత్రం ఓటర్లని తయారుచేసుకోవాలని తోచింది. చట్టం చూస్తే మతాయ్‌కి ఓటు ఉందని చెప్పింది గానీ, ఒక్క పట్టాన్ని ఎంతమంది నెత్తిన పెట్టొచ్చో చెప్పలేదు.

ఫువాతినో లేచి నిలబడింది. "మా నాన్న ఆఖరి మాట ఒకటుంది. ఒక్కరే మొయ్యాలన్నాడు. నాకు కట్టమన్నాడు. అత్తా, నువ్వు పక్కనే ఉన్నావుగా. చెప్పు."

అందరూ సావిలీ వైపు తిరిగారు. ముసలామె ఒళ్ళో ఉన్న అల్లిక వైపు చూసుకుంది. వేళ్ళు ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"నేను ముసలిదాన్నయిపోయానే అమ్మా. ఏమన్నాడో ఏమో, వాన హోరులో సరిగా వినపడలేదు."

ఆ క్షణాన ఫువాతినోకి ఎలిసారా మీద కన్నా అత్త మీద వచ్చిన కోపమే ఎక్కువ. ఎలిసారా ఎప్పుడూ అంతే, చిన్నప్పుడు కొబ్బరిబొండాలు పంచమంటే నీళ్ళు తాగేసి డొక్కలు పంచేవాడు. కానీ అత్త తండ్రి తల నిమురుతూ కూర్చున్న మనిషి. మనవడి పట్టం కోసం అన్నగారి ఆఖరి మాటని దిగమింగేసింది. ఫువాతినోకి ఆమెని జుట్టు పట్టుకుని కుదిపేయాలనిపించింది. పళ్ళు బిగపట్టి బయటికి నడిచింది.

మర్నాడు ఆమె రాళ్ళపొయ్యి మీద ఆకులు కప్పుతుంటే ఎలిసారా ఒక్కడే వచ్చాడు.

"చెల్లీ, కోర్టుకెళ్తానన్నావట?"

"వెళ్తాను. పట్టాల కోర్టు ఉన్నదెందుకు?"

"అక్కడ తేలేసరికి నీ జుట్టు నెరుస్తుంది. సాక్షి కావాలంటారు. నీకు సాక్షి ఏదీ?" అని నవ్వి, గొంతు తగ్గించాడు. "ఎందుకొచ్చిన గొడవ. నీకూ ఒకటిస్తాను, పదిహేనోది. ఈ ఊళ్ళో ఆడదానికి పట్టం కట్టడం ఎప్పుడైనా చూశావా? నీ అన్న కట్టి చూపిస్తాడు."

"మా నాన్న పట్టంలో నాకు ముక్క పెడతావా?"

"ముక్కేంటే? నిండు పట్టమే. సభలో కూర్చోవచ్చు. ఓటు కూడా ఉంటుంది. అది ఎవరికెయ్యాలో నేను చెప్పక్కర్లేదుగా?"

ఫువాతినో అతని మొహంలోకి చూసింది. "అక్కర్లేదన్నయ్యా," అంది.

ఎలిసారా అర్థం చేసుకోవాలనుకున్నట్టే అర్థం చేసుకుని, ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ముక్కని ఎందుకు ఒప్పుకుందని తర్వాత చాలామంది వెక్కిరించారు. ఆమెకీ తన మీద తనకి రోత పుట్టకపోలేదు. కానీ ఒకటి చూడండి. బయట గులకరాళ్ళ మీద కూర్చుని ఎంత అరిచినా అది కుక్క అరుపుతో సమానం. లోపల చాప మీద కూర్చుని మెల్లగా అన్నా అది మాట. ఇన్నేళ్ళు బయట కూర్చున్న మనిషికి ఈ తేడా ఇంకొకరు చెప్పాలా?

పట్టం కట్టిన రోజు చూడాలి ఆ వేడుక! పదిహేను మందికీ మెడలో ఎర్రగింజల దండలు, నడుముకి కొత్త బట్టలు. అపియా నుంచి వచ్చిన కొట్టు కుర్రాళ్ళకి కాళ్ళు మడిచి కూర్చోవడం కూడా చాతకాక అటూ ఇటూ ఒరుగుతున్నారు. తూలోతో స్తంభం ఒక్కటే. దానికి పదిహేను వీపులు ఆనాలి. లారీ డ్రైవరు ముందుగా చేరి ఆనుకున్నాడు. వాడి పక్కన వాడి బావమరిది భుజం దూర్చాడు. మిగతావాళ్ళు సంతలో బస్సు దగ్గర జనంలా ఎగబడి, చోటు చాలక సముద్రం దాకా వరసకట్టారు. ఫువాతినో అందరికన్నా చివర, గులకరాళ్ళ అంచున కూర్చుంది. అంటే పట్టం కట్టాక కూడా ఆమె కూర్చున్నది పాత చోటుకి మూర దూరంలోనే.

కావా కలిపారు. ఆ సభలో పట్టం పేరు పిలుస్తారు, ఆ పట్టం మోసేవాడు రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టి నేనిక్కడున్నానని తెలపాలి, అప్పుడు కావా పోసిన కొబ్బరిచిప్ప అతని దగ్గరికి వస్తుంది.

"తూలోతో!" అని పిలిచాడు పిలిచేవాడు.

ఒక్కసారిగా పద్నాలుగు జతల చేతులు చప్పట్లు కొట్టాయి. చిప్ప తెచ్చే కుర్రాడు నడింట్లో ఆగిపోయి గుడ్లు తేలేశాడు. ఊరి పెద్దలు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వాపుకోలేక బయట ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. చప్పట్లు కొట్టనిది ఫువాతినో ఒక్కతే. ఆ నవ్వు ఎలిసారా మీద కాదు, పద్నాలుగు మంది మీద కూడా కాదు. అది తన తండ్రి మీద, వాచిన కాలు ఈడ్చుకుంటూ ఆ స్తంభం దాకా నడిచిన మనిషి మీద. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపు నీళ్ళు కావు.

ఎన్నికల రోజున పెద్దలందరూ బడి దగ్గర చేరారు. ఫువాతినో వరసలో నిలబడితే పెట్టె దగ్గర కూర్చున్న గుమాస్తా ఇటూ అటూ చూసి, "ఎవరి తరఫున వచ్చావమ్మా?" అన్నాడు. "నా తరఫున," అంది. గుడ్డ అడ్డం కట్టిన మూలలోకి వెళ్ళి, పక్క ఊరి మనిషి పేరు మీద కాగితం చిరిగేంత గట్టిగా గీత పెట్టింది. అతను మంచివాడనీ కాదు, గొప్పవాడనీ కాదు. అతనూ ఏం తక్కువ తిన్నాడో ఎవరు చూశారు? కానీ ఈ ఓటు తన తండ్రి పట్టాన్ని నరికి చేసిన ఓటు. దాన్ని నరికినవాడికే వెయ్యడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

ఎలిసారా గెలిచాడు. ఆమె ఓటు అతన్ని ఆపలేదు, ఆపుతుందని ఆమె అనుకోనూ లేదు. కానీ పెట్టెల లెక్క ఊరికొకటిగా చదివారు. సాలెవాయ్ పెట్టెలో ఒక్క ఓటు పక్క ఊరి మనిషికి పడింది. ఊరంతా ఒక్క మాట మీద ఉందని బయట గొప్పలు చెప్పుకున్న ఎలిసారాకి అది చెప్పులో ముల్లయింది.

సోమవారం సభ పెట్టారు. ఎలిసారా పూలదండలతో, కొత్త కోటుతో వచ్చి పెద్ద స్తంభానికి వీపానించాడు. ద్రోహి ఎవడో తేలాలన్నాడు. సభలో ఊరి తరఫున మాట్లాడే వక్త ఊతకర్ర నేలకి తాటించి, సెమీసీ వైపు చూశాడు. సెమీసీ భార్యది పక్క ఊరు. ఇంకేం కావాలి?

"నేను కాదు బాబూ, పిల్లల మీద ఒట్టు," అన్నాడు సెమీసీ.

"దొంగ ఒప్పుకుంటాడా ఎక్కడైనా?" అన్నాడు లారీ డ్రైవరు స్తంభం దగ్గర నుంచి.

మాట మీద మాట పెరిగింది. సెమీసీ ఇల్లు కాల్చాలి, అరటిచెట్లు నరకాలి, పందుల్ని కోసుకోవాలి, పెళ్ళాం పిల్లలతో సహా ఊరు దాటించాలి అన్నారు. అన్నవాళ్ళలో ముందటేడు సెమీసీ నేసిన ఇంటికప్పు కిందే పడుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

"ఆ ఓటు నాది," అంది ఫువాతినో.

వక్త ఊతకర్ర పట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

ఎలిసారా నవ్వబోయాడు. "ఊరుకో చెల్లీ. వాడి మీద జాలిపడి నీ నెత్తినేసుకోకు."

"జాలి కాదన్నయ్యా, కోపం. నీ మీద కోపం. కాగితం చూడు, చిరిగుంటుంది. అంత గట్టిగా గీశాను."

"నీకు పట్టం కట్టిందెవరు?"

"నువ్వు కట్టావా? నువ్వు తెచ్చింది ఉప్పు మాంసం. పట్టం మా నాన్నది. దాన్ని కోసి కొట్టు కుర్రాళ్ళకి కూలి కింద పంచావు. మా నాన్న బతికినన్నాళ్ళూ ఆ స్తంభానికి ఒక్క వీపే ఆనింది. ఇప్పుడు చూడు, కోళ్ళగూడులా ఉంది. కావా పిలిస్తే ఊరంతా నవ్వింది. నీకు సిగ్గెయ్యలేదా? నాకేసింది. చచ్చిపోవాలనిపించింది."

"ఆడదాన్ని లోపలికి రానిచ్చి తప్పుచేశాం," అన్నాడు వక్త.

"చేశారు. ఇప్పుడు వినండి మరి."

ఎలిసారా మొహం ఎర్రబడింది. "ఈ క్షణమే నిన్ను పట్టంలోంచి దింపేస్తాం."

"దింపు. దింపాలంటే కోర్టుకెళ్ళాలి. పద, నేనూ వస్తా. నీ పట్టం ఎక్కడిదే అని జడ్జి నన్నడుగుతాడు, చెప్తాను. మిగతా పద్నాలుగూ ఎక్కడివయ్యా అని నిన్నడుగుతాడు, నువ్వు చెప్పు. మా నాన్న ఆఖరి మాట ఏంటని అత్తనడుగుతాడు, బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ. అప్పుడు కూడా వాన హోరు అడ్డమొస్తుందేమో చూద్దాం."

ఎలిసారా మెడలో దండ సవరించుకున్నాడు. అతని పార్లమెంటు కుర్చీకి కాళ్ళు ఆ పద్నాలుగు పట్టాలే. వాటిలో ఒకదాన్ని పీకితే మిగతావి ఎక్కడుంటాయో అతనికి తెలుసు.

అందరికన్నా పెద్దవాడు, ఊరి తలపెద్ద, అప్పటిదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కళ్ళు తెరిచి, బయట ఆడవాళ్ళలో కూర్చున్న సావిలీ వైపు తిరిగాడు.

"ఆడపడుచా, ఆ మాట నువ్వు విన్నావా లేదా?"

సావిలీ ఒళ్ళోంచి అల్లిక కిందకి జారింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ గులకరాళ్ళ అంచుదాకా వచ్చింది. ఫువాతినో ఆమె వైపు చూడలేదు. చూస్తే ఏం చేస్తుందో తనకే తెలియదు.

"విన్నాను," అంది సావిలీ.

"ఏం విన్నావు?"

"ఒక్కరే మొయ్యాలన్నాడు. ఫువాతినోకే కట్టమన్నాడు. నా మనవడికి పట్టం వస్తుందని నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని రోజూ అన్నం తిన్నాను." ఆమె స్తంభం వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్తున్నాను వినండి. మా అన్న స్తంభానికి ఫువాతినో తప్ప ఇంకెవడు వీపానించినా, వాడెవడైనా సరే, నా మనవడైనా సరే, వాడికి నా శాపం తగుల్తుంది."

లారీ డ్రైవరు స్తంభం నుంచి చురుక్కుమన్నట్టు ముందుకి ఒరిగాడు. వాడి బావమరిది వాడికన్నా ముందు ఒరిగాడు. సావిలీ మనవడు తల వంచుకుని లేచి బయటికి వెళ్ళిపోయాడు. సెమీసీ ఇంటి మాట ఆ రోజు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అలాగని న్యాయం జరిగిపోయిందనుకోకండి. ఎలిసారా అపియా వెళ్ళి పార్లమెంటులో కూర్చున్నాడు. స్వతంత్రం గురించి అక్కడ బాగా మాట్లాడాడని రేడియోలో చెప్పారు. ప్రభుత్వ కాగితాల్లో తూలోతోలు పదిహేను మంది, మళ్ళీ ఎన్నికలొస్తే పదిహేను ఓట్లూ పడతాయి. ఊటగుంట దగ్గర ఆడవాళ్ళలో ఒక్కరికీ ఓటు రాలేదు. సావిలీ చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కాల్చి పంపిస్తే ఫువాతినో తీసుకుంది గానీ, కబురేమీ పంపలేదు. ఆ కోపం ఇంకా దిగలేదు.

తర్వాతి సోమవారం ఆమె సభ ఇంటికి వెళ్ళింది. లోపల పట్టపు దండలతో కొందరు తూలోతోలు సముద్రం వైపు అంచున, స్తంభానికి దూరంగా జరిగి కూర్చున్నారు. స్తంభం దగ్గర ఖాళీగా ఉంది. ఆమె వాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్ళి, కాళ్ళు మడిచి, నల్లగా నిగనిగలాడే చోట వీపు ఆనించింది. కావా కలిపారు.

"తూలోతో!" అని పిలిచాడు పిలిచేవాడు.

అంచున కూర్చున్నవాళ్ళు తమ చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయారు. సభలో ఒక్క జత చేతుల చప్పుడే వినిపించింది. కుర్రాడు ఎక్కడా ఆగకుండా చిప్ప తీసుకుని నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. ఫువాతినో తండ్రి లాగే నాలుగు చుక్కలు నేల మీద చిలకరించి, మిగిలింది ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగిచ్చి, మాట్లాడడం మొదలుపెట్టింది.

"మా నాన్న ఆఖరి మాట ఇది, తూలోతోని ఒక్కరే మొయ్యాలి," అంది. "ఈ ఇంట్లో ప్రతి సోమవారం ముందు ఇదే చెప్తాను. వినలేనివాళ్ళు బయట గులకరాళ్ళ మీద కూర్చోవచ్చు. అక్కడ నా చోటు ఇప్పుడు ఖాళీగానే ఉంది."